ముత్తాత తండ్రికి బాప్తిస్మానికి ముందున్న పేరు ఎలా కనుక్కోవాలి?

అందరికీ వందనాలు. మాది ఒంగోలు దగ్గర పల్లె, బాప్టిస్టు కుటుంబం. కరువు తర్వాత, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారి కాలంలో, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు కదా. మా ముత్తాత తండ్రి వాళ్లలో ఒకరని ఇంట్లో చెప్పుకుంటారు. సమాధి మీద అబ్రాహాము అని మాత్రమే ఉంది. ఇంటిపేరు మారలేదు, అంతవరకు నయం. అంతకుముందు ఆయన్ని ఏమని పిలిచేవారో మా నాయనమ్మకి కూడా తెలియదు.

మా చర్చిలో పాత రిజిస్టర్లు చెదలు తినేశాయి. అప్పటి మిషన్ వాళ్లు పుస్తకాల్లో పాత పేరు కూడా రాసేవారా? అమెరికన్ బాప్టిస్టు హిస్టారికల్ సొసైటీకి రాసి ఇలాంటి వివరాలు తెప్పించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? పుట్టబోయే బిడ్డకి ఆ పేరు కూడా కలిపి పెట్టాలని నా ఆశ. అమ్మేమో బైబిల్ పేరు చాలంటోంది. నాకైతే రెండూ మనవే.