సర్కారు బడిలో ఏ మీడియం? గిడుగు ఎవరి పక్షం?

వంశధార మాస్టారు:
సర్కారు బళ్లని ఇంగ్లీషు మీడియానికి మార్చమనే జీవో 81 ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో వచ్చినప్పటి నుంచీ ఒకటే అంటున్నాను, తెలుగు మీడియం ఉండాలని. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడి దగ్గర సవర గిరిజన పిల్లలకి ఏ భాషలో చదువు చెప్పించారు? సవరలోనే. ముందు తాను ఆ భాష నేర్చుకుని, వాచకాలు రాసి, సొంత డబ్బు పెట్టి బడి నడిపారు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా వీలైనంతవరకు మాతృభాషే అంటోంది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోని కొట్టేసింది. ఇంకేం కావాలి?

నల్లమల:
మాస్టారూ, గిడుగు గారి సవర వ్యాకరణం 1931లో ఏ భాషలో అచ్చయింది? ఇంగ్లీషులో. 1938 నిఘంటువు కూడా సవర–ఇంగ్లీషే.

వంశధార మాస్టారు:
అది పండితుల కోసం. పిల్లల వాచకాలు సవరలో ఉన్నాయి. పుస్తకం ఎవరి కోసం రాశారో చూడకుండా మాట్లాడితే ఎలా?

కోనసీమ:
ఆ వ్యాకరణం గొడవ ఆపండి బాబూ, జీవో సంగతి చూడండి.

నల్లమల:
ఆపను. పాత రాతలు తెచ్చింది మాస్టారే. నేనూ తెస్తాను. సావిత్రీబాయి ఫూలే 1854లోనే ‘కావ్యఫులే’లో శూద్రాతిశూద్రుల్ని, అంటే శూద్రుల్నీ దళితుల్నీ, ఇంగ్లీషు నేర్చుకోమని పద్యాలు రాశారు. ఎందుకో నాకు తెలుసు. డిగ్రీ దాకా తెలుగు మీడియం, ఫస్ట్ క్లాసు. హైదరాబాదులో ఇంటర్వ్యూకి వెళ్తే నా గురించి నాలుగు ముక్కలు ఇంగ్లీషులో చెప్పమన్నారు. నోరు పెగల్లేదు. నాకంటే తక్కువ మార్కులొచ్చిన కాన్వెంటు కుర్రాడికి ఉద్యోగం ఇచ్చారు.

వంశధార మాస్టారు:
ఇంగ్లీషు సబ్జెక్టు గట్టిగా చెప్పమనే నేనూ అంటున్నాను. లెక్కలు, సైన్సు ఎందుకు మార్చాలి? తీసివేత తెలుగులో అడిగితే టక్కున చెప్పే మూడో తరగతి పిల్ల, అదే లెక్క ఇంగ్లీషులో బోర్డు మీద రాస్తే పక్కపిల్ల మొహం చూస్తుంది. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలిచ్చారు కదా. మా బళ్లో పిల్లలు చదివేది తెలుగు పేజీయే.

నల్లమల:
మీ మనవలు ఏ మీడియం?

వంశధార మాస్టారు:
దానికీ దీనికీ ఏం సంబంధం?

నల్లమల:
ఉంది. చెప్పండి.

వంశధార మాస్టారు:
ఇంగ్లీషు మీడియమే. మా కోడలి నిర్ణయం అది.

నల్లమల:
మీ కోడలు నిర్ణయించుకోవచ్చు. కూలికెళ్లే మా అక్క విషయానికొస్తే గిడుగు గారినీ కోర్టునీ అడగాలా? రెండు వందల రూపాయల ఫీజు కట్టలేనివాళ్లకే తెలుగుని కాపాడే బాధ్యత అప్పగించారు మీరంతా!

వంశధార మాస్టారు:
గొంతు పెంచితే నిజం మారదు తమ్ముడూ. మీ అక్క ఎంచుకోవాలంటే ప్రతి బడిలో రెండు సెక్షన్లూ ఉండాలి. ఆ జీవో తెలుగు సెక్షన్‌నే ఎత్తేసింది. నా గొడవంతా అదే.

నల్లమల:
రెండు సెక్షన్లు పెడితే ఆ తెలుగు సెక్షన్‌లో మిగిలేది మా పేట పిల్లలే. నా గొడవ అది.

సీతంపేట కొండ:
మాది సవర ఇల్లు. మా పిల్లలకి తెలుగూ బడికెళ్లాక నేర్చుకునే భాషే. తెలుగు లిపిలో సవర వాచకాలు వచ్చాయి, మంచిదే. వాటిని చదివి చెప్పడానికి సవర వచ్చిన టీచరు ప్రతి బడిలో ఉన్నారా? ఇద్దరూ గిడుగు గారి పేరు ఇంతసేపు ఎత్తారు, ఆ పోస్టుల గురించి ఒక్క ముక్క రాలేదు.

వంశధార మాస్టారు:
ఆ పోస్టుల కోసం అర్జీ పెట్టండి, మొదటి సంతకం నాది. రెండు సెక్షన్ల మాట మాత్రం వదలను.

నల్లమల:
ముందు మీ మనవణ్ణి ఆ తెలుగు సెక్షన్‌లో చేర్పించండి మాస్టారూ. అప్పుడు మా అక్కతో నేనే మాట్లాడతాను.