లాఫ్ట్ గదికి పక్కింటి గోడలో బీమ్ పెట్టాలంటే నోటీసు తప్పదా?

శ్రీను_రెడింగ్:
మాది ఇంగ్లండ్‌లో టెర్రస్ ఇల్లు, అంటే గోడలు కలిసిన ఇళ్ల వరసలో మధ్యది. అమ్మానాన్నలు వస్తే ఉండటానికి లాఫ్ట్‌లో (పైకప్పు కింది అటకలో) గది వేయిస్తున్నాం. పెరిగే చోటు 40 ఘనపు మీటర్ల లోపే కాబట్టి ప్లానింగ్ పర్మిషన్ అక్కర్లేదు. స్టీల్ బీములు మాత్రం రెండు వైపులా ఉమ్మడి గోడల్లోకి వెళ్తాయి. "ప్లానింగే లేనప్పుడు పక్కవాళ్లతో పనేంటి, వచ్చే నెల మొదలెట్టేద్దాం" అంటున్నాడు బిల్డరు. ఎడమవైపు పెద్దావిడతో ఇబ్బంది లేదు. కుడివైపు ఇంట్లో అద్దెకుంటున్నారు, ఓనరెవరో తెలీదు. ఏం చేయమంటారు?

మూర్తి_హౌన్‌స్లో:
శ్రీను గారూ, బిల్డరు మాట పక్కన పెట్టండి. ప్లానింగ్ వేరు, పార్టీ వాల్ (ఉమ్మడి గోడ) వేరు. 1996 పార్టీ వాల్ చట్టం ప్రకారం ఉమ్మడి గోడ చెక్కి బీమ్ దించాలంటే కనీసం 2 నెలల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలి. ఇద్దరు ఓనర్లూ రాసిచ్చి ఒప్పుకుంటేనే వచ్చే నెల మాట. షెల్ఫుకి స్క్రూలు బిగించడానికీ, ప్లాస్టరింగుకీ ఇవేం అక్కర్లేదు లెండి.

ఓనరు పేరు ల్యాండ్ రిజిస్ట్రీలో (ఏ ఆస్తి ఎవరిదో రాసుండే ప్రభుత్వ రికార్డు) కొద్ది పౌండ్లకే దొరుకుతుంది. అదీ కుదరకపోతే "ఓనరు గారికి" అని రాసి ఆ ఇంట్లో ఉన్నవాళ్ల చేతికివ్వొచ్చు. ఎవరూ లేకపోతే తలుపుకి కనబడేలా అంటించినా చెల్లుతుంది. నమూనా ఉత్తరాలు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితం, వాటికి ఎవరికీ డబ్బులివ్వకండి.

ఒక్కటి గుర్తుంచుకోండి: మౌనం అర్ధాంగీకారం అనే మాట ఇక్కడ పనికిరాదు. 14 రోజుల్లో జవాబు రాకపోతే వివాదం కిందే లెక్క. అప్పుడు ఆ వివాదం తేల్చే సర్వేయర్ రావాలి. ఇద్దరికీ కలిపి ఒక్కరినే పెట్టుకుంటే ఖర్చు తగ్గుతుంది. ఎవరికి వాళ్లు పెట్టుకున్నా ఇలాంటి పనికి రెండు బిల్లులూ మామూలుగా మీ నెత్తినే.

నోటీసివ్వకపోతే జరిమానా లేదు. కానీ వాళ్లు కోర్టుకెళ్లి ఇంజంక్షన్ తెచ్చుకుంటే పని ఆగిపోతుంది, స్కాఫోల్డింగ్ అద్దె మాత్రం ఆగదు.

లత_లెస్టర్:
మేం అవతలివైపు ఉన్నవాళ్లం, పక్కింటివాళ్లు లాఫ్ట్ వేయించారు. ఒప్పుకున్నాం గానీ ముందు మా గోడలన్నీ ఫొటోలు తీయించాం. బెడ్‌రూమ్ సీలింగ్ మూల అప్పటికే వెంట్రుకంత పగులుంది. దాని పక్కన పౌండు నాణెం పట్టుకుని తీశాం. పని అయ్యాక అది పాతదా కొత్తదా అన్న వాదనే రాలేదు. పెద్దావిడ సరేనన్నా సరే, ఈ పని చేయించండి. ముందు ఆవిడతో టీ తాగుతూ మాట్లాడండి. ఉత్తరం చూడగానే బెదిరిపోతారు.

కిరణ్_గ్లాస్గో:
ఇదంతా ఇంగ్లండ్, వేల్స్‌కే. మా స్కాట్లాండ్‌లో ఈ చట్టం లేదు.

శ్రీను_రెడింగ్:
థాంక్సండీ. వచ్చే ఏడాది వెనక కిచెన్ కూడా పెంచుదామని ఉంది. దానికీ 2 నెలలేనా?

మూర్తి_హౌన్‌స్లో:
పక్కింటికి 3 మీటర్ల లోపు, వాళ్ల పునాది కంటే లోతుగా తవ్వితే 1 నెల ముందు నోటీసు, ప్లాన్ జతచేసి. సరిహద్దు గీత మీదే కొత్త గోడ లేపినా 1 నెలే. ఇప్పుడే ఇచ్చేయకండి, నోటీసు 12 నెలలే చెల్లుతుంది.