అప్‌డేట్: గంజాయి మానేసి నాలుగు నెలలు

ఆరేళ్లు తాగిన గంజాయి మానేసి పదిహేను రోజులైంది, నిద్ర లేదు, చదివింది బుర్రకెక్కట్లేదు, జీవితాంతం ఇలాగే ఉండిపోతానా అని అప్పట్లో అడిగాను. ఉండిపోలేదు.

మొదటి మూడు వారాలు మాత్రం నరకం. చెమటలు, పిచ్చి కలలు, అన్నం చూస్తే వికారం. మీలో ఒకరు చెప్పారని విశాఖ చినవాల్తేరు మానసిక వైద్యశాల ఓపీకి వెళ్లాను. ఎవరైనా చూస్తారేమోనని అమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది, అది వేరే కథ. రోజూ తాగితే మెదడులో గంజాయిని అందుకునే గ్రాహకాలు తగ్గిపోతాయట. మానేశాక దాదాపు నాలుగు వారాల్లో చాలావరకు కోలుకుంటాయని, నిద్ర కుదరడానికి ఇంకాస్త పట్టొచ్చని డాక్టరుగారు చెప్పారు.

నాకు తేడా తెలిసింది పూర్ణా మార్కెట్‌లో. అమ్మ ఫోన్లో చెప్పిన ఏడు సరుకులూ చీటీ లేకుండా తెచ్చాను, ఇంగువతో సహా. నమ్మకం కుదరక ఇంటికొచ్చి సంచిలోవి రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.

మనసు సంగతి అంత తేలిక కాదు. తమ్ముడి మీద ఊరికే అరిచేస్తున్నాను. పోయిన ఆదివారం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటుంటే ఏ కారణమూ లేకుండా ఏడుపొచ్చింది. ఆరేళ్లలో ఏడ్చిన గుర్తు లేదు. నిజం చెప్పాలంటే హాయిగా అనిపించింది.

రాత్రిళ్లు మనసు లాగితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తున్నాను. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. పాత బ్యాచ్ నంబర్లు తీసేశాను. ఒక్కటి మిగిలింది.