గ్రానైట్ యూనిట్‌లో మెయిన్ బ్రేకర్ మార్పు: అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను

అందరికీ నమస్కారం. చీమకుర్తిలో మాకు చిన్న గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉంది. 250 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే అల్యూమినియం కేబులు మెయిన్ ప్యానెల్‌లోని 400 ఆంపియర్ల ఎంసీసీబీకి (మెయిన్ బ్రేకరుకు) చేరుతుంది. గత వారం అందులో ఒక ఫేజు టెర్మినల్ వేడెక్కి, లగ్గు (కేబులు చివర బిగించే లోహపు తొడుగు) నల్లబడింది. రాతిపొడి, తడి కలిసి ప్యానెల్ లోపల పేరుకున్నాయి కనుక దాన్ని వేరే గదికి మార్చి, కొత్త బ్రేకరు పెట్టించదలిచాను. పని చేసేది లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే అయినా, మా పనివారి ప్రాణాల బాధ్యత నాది.

433 వోల్టుల వద్ద ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి లోడు కరెంటు 333 ఆంపియర్లు, దాని ఇంపిడెన్స్ (కరెంటును అడ్డుకునే గుణం) 4.5 శాతం కనుక షార్ట్ సర్క్యూట్ కరెంటు 7.4 కిలోఆంపియర్లకు మించదని లెక్క వేశాను. అలాంటప్పుడు 25 కిలోఆంపియర్ల వరకు షార్ట్ సర్క్యూట్ కరెంటును తెంచగల బ్రేకరు చాలదా? కేబులు అల్యూమినియంది, టెర్మినళ్లు రాగివి కనుక బైమెటాలిక్ (ఈ రెండు లోహాలనూ కలిపే) లగ్గులే వాడాలా?

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మరొకటి. బ్రేకరు ఆఫ్ చేసినా ఇన్‌కమింగ్ వైపు కరెంటు ఉంటుంది కనుక లైన్ క్లియర్ (సరఫరా ఆపి పని చేసుకునేందుకు విద్యుత్ సంస్థ ఇచ్చే అనుమతి) తీసుకుని, ట్రాన్స్‌ఫార్మర్‌కు సరఫరా ఆపే ఏబీ స్విచ్ తెరిపించి, తాళం వేయిస్తాం. అయితే మా జనరేటరు చేంజ్‌ఓవర్ స్విచ్ (లైనుకూ జనరేటరుకూ మధ్య సరఫరా మార్చే స్విచ్) ద్వారా అదే ప్యానెల్‌కు కలిసి ఉంది. జనరేటరు స్టార్ట్ కాకుండా దాని బ్యాటరీ తీగలు విప్పి, మూడు ఫేజులూ టెస్టర్‌తో పరీక్షించి ఎర్త్ చేస్తే సరిపోతుందా, లేక జనరేటరు కేబులునే ప్యానెల్ నుంచి విడదీయించాలా?