నగరాల మధ్య అంతరాన్ని ఏ కొలతతో చూడాలి?

ప్రశ్న: 2011 జనగణన ప్రకారం హైదరాబాద్ మహానగర ప్రాంత జనాభా సుమారు 77 లక్షలు కాగా, తెలంగాణలో రెండో స్థానంలో ఉన్న వరంగల్‌ది 8 లక్షల లోపే. రెండో నగరం మొదటిదానిలో సగం ఉంటుందనే జిఫ్ సూత్రంతో పోలిస్తే ఇది పెద్ద అగాధమే. అయితే జనాభా ఒక్కటే అభివృద్ధికి కొలబద్ద అవుతుందా?

జవాబు 1: కాదు. ప్రాంతాల మధ్య తలసరి ఆదాయాల తేడాలకు జనాభా వాటాను జోడించి లెక్కించే విలియమ్సన్ సూచిక (1965) మెరుగు. థీల్ సూచికైతే మొత్తం అసమానతలో జిల్లాల మధ్య ఎంత, జిల్లాల లోపల ఎంత అన్నది విడదీసి చూపుతుంది.

జవాబు 2: సూచికలు సరే. వరంగల్ పక్కనే ఉన్న కాజీపేటలో తెల్లవారుజామున టిఫిన్ సంచితో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగే ఉద్యోగి సృష్టించే విలువ హైదరాబాద్ ఖాతాలో పడుతుంది, ఆయన ఇంటి ఖర్చు మాత్రం వరంగల్ బజారులో జరుగుతుంది. కాబట్టి తలసరి ఉత్పత్తితో పాటు కుటుంబ వినియోగాన్నీ చూడాలి.

జవాబు 3: ఈ అంతరాన్ని తగ్గించే మాటకొస్తే, వరంగల్‌లో 1934లో నెలకొల్పిన ఆజంజాహీ బట్టల మిల్లు మూతపడింది, ఓరుగల్లు నేతకార్మికులు ఎందరో సూరత్, భీవండి బాట పట్టారు. నా దృష్టిలో వరంగల్ చుట్టుపక్కల మడికొండ ఐటీ భవనాల కన్నా గీసుగొండ వద్ద తలపెట్టిన కాకతీయ జౌళి పార్కే ముఖ్యం, ఎందుకంటే ఆ పని తెలిసిన చేతులు ఇక్కడివే.