గ్రంథాలయ పన్ను లెక్క: మొదటి అప్పీలు ఎవరికి వేయాలి?

గుంటూరు పక్కన మా ఊరి శాఖా గ్రంథాలయానికి సొంత లైబ్రేరియన్ లేరు. ఇన్‌ఛార్జి గారు వారంలో కొన్ని రోజులే తెరుస్తారు, పేపర్లు కూడా తగ్గాయి. అడిగితే ‘బడ్జెట్ రాలేదండీ’ అంటారు. ఆయన చేతిలో మాత్రం ఏముంది పాపం!

1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. నా రసీదులో ఆ లైను విడిగానే ఉంది. ఎంత వసూలైంది, అందులో గ్రంథాలయ సంస్థకు ఎంత జమ చేశారు అని పంచాయతీకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. వాళ్లు సెక్షన్ 6(3) కింద జిల్లా ఆఫీసుకు బదిలీ చేశారు. ‘వసూలు వివరాలు మా దగ్గర ఉండవు, పంచాయతీనే అడగండి’ అని అక్కడి నుంచి పోయిన సోమవారం జవాబొచ్చింది. అప్పీలుకు గడువు 30 రోజులే.

మొదటి అప్పీలు బదిలీ చేసిన ఆఫీసులో వేయాలా, జవాబిచ్చిన ఆఫీసులో వేయాలా?