హూవర్ ఇన్‌స్టిట్యూషన్‌పై విమర్శ: సిద్ధాంతాల తగవా, పాలనా సమస్యా?

ప్రశ్న (పరిశీలకుడు)

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆవరణలో ఉన్న విధాన పరిశోధనా సంస్థ హూవర్ ఇన్‌స్టిట్యూషన్ గురించి చదివిన కొద్దీ ఒక సందేహం బలపడుతోంది. అది రిపబ్లికన్ ప్రభుత్వాలకు సలహాదారులను తయారుచేసి పంపే కేంద్రమని విమర్శకులు అంటారు. ఉదారవాద అధ్యాపకులకు భిన్నాభిప్రాయం గిట్టకపోవడమే అసలు గొడవ అని సమర్థకులు కొట్టిపారేస్తారు. ఇది కేవలం సిద్ధాంతాల తగవేనా, లేక విశ్వవిద్యాలయ పాలనకు సంబంధించిన చిక్కు ఏదైనా ఉందా?

జవాబు (పాత పత్రాలు)

ఉంది, దాని మూలం 1959లో ఉంది. స్టాన్‌ఫర్డ్‌లోనే చదువుకుని, తర్వాత అమెరికా అధ్యక్షుడైన హెర్బర్ట్ హూవర్ మొదటి ప్రపంచ యుద్ధపు పత్రాలను సేకరించడానికి 1919లో 50,000 డాలర్లు ఇవ్వడంతో ఇది మొదలైంది. చాలాకాలం ప్రధానంగా గ్రంథాలయంగా, పత్రాగారంగానే పేరు తెచ్చుకుంది. 1959లో ధర్మకర్తల మండలి దీన్ని విశ్వవిద్యాలయ చట్రంలోని స్వతంత్ర సంస్థగా గుర్తించి, దీని డైరెక్టరు విశ్వవిద్యాలయ అధ్యక్షుని ద్వారా తమకే జవాబుదారీగా ఉండేలా ఏర్పాటు చేసింది. మార్క్స్ సిద్ధాంతాల వల్ల కలిగే కీడును నిరూపించడమే సంస్థ ఉద్దేశమని హూవర్ అప్పుడే రాతపూర్వకంగా ప్రకటించారు. తేలవలసిన ఫలితాన్ని ముందే రాసిపెట్టుకున్న పరిశోధనాసంస్థపై అధ్యాపకులకు అనుమానం కలగడంలో వింతేమీ లేదు. మరుసటి ఏడాది డైరెక్టరైన గ్లెన్ క్యాంప్‌బెల్ 1989 దాకా ఆ పదవిలో కొనసాగారు.

జవాబు (మధ్యస్థం)

పై మాటలో నిజముంది కానీ, దానితోనే తీర్పు చెప్పేస్తే అన్యాయమవుతుంది. 1977లో అక్కడికి వచ్చిన మిల్టన్ ఫ్రీడ్‌మన్ అప్పటికే నోబెల్ బహుమతి అందుకున్న ఆర్థికవేత్త. ఆయన నిర్ణయాలతో విభేదించవచ్చు గానీ పాండిత్యాన్ని శంకించలేం. 2007లో అమెరికా మాజీ రక్షణమంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్‌ను విజిటింగ్ ఫెలోగా (కొంతకాలానికి వచ్చే పరిశోధకుడిగా) నియమించినప్పుడు వేలమంది సంతకాలతో నిరసన తెలిపారు. ఇరాక్ యుద్ధం దృష్ట్యా ఆ కోపం అర్థమయ్యేదే. అయితే మాజీ మంత్రులకు విశ్వవిద్యాలయాలు పీఠం వేయడం కొత్త కాదు, అదే గౌరవం మరో పార్టీ వారికి దక్కినప్పుడు ఇంత అలజడి కనిపించదు కదా.

జవాబు (పాత పత్రాలు)

మధ్యస్థం గారూ, పార్టీ సంగతి పక్కన పెట్టి స్కాట్ అట్లాస్ ఉదంతం చూడండి. ఆయన రేడియాలజీ వైద్యుడు, హూవర్ ఫెలో; 2020లో కోవిడ్ విషయమై ట్రంప్‌కు సలహాదారుగా ఉంటూ మాస్కుల ప్రయోజనాన్ని ప్రశ్నించారు. స్టాన్‌ఫర్డ్ వైద్యులు, పరిశోధకులే బహిరంగ లేఖ రాసి ఆయన వాదాలను ఖండించారు. నవంబరులో స్టాన్‌ఫర్డ్ అధ్యాపకుల ప్రతినిధి సభ అయిన ఫ్యాకల్టీ సెనేట్ 85 శాతం ఓట్లతో ఖండన తీర్మానం చేసింది. ఖండించడానికి మించి సెనేట్ చేయగలిగింది ఏమీ లేదు. వినేవారికి ఆయన ‘స్టాన్‌ఫర్డ్ నిపుణుడు’; నియామకం వరకు వస్తే ఆయన హూవర్ మనిషి. ఏదైనా విభాగంతో ఉమ్మడి నియామకం ఉన్న ఫెలోలు ఆ విభాగపు పరీక్షలన్నీ దాటవలసిందే, హూవర్‌కు మాత్రమే చెందినవారికి ఆ వడపోత లేదు.

జవాబు (పరిశీలకుడు)

ధన్యవాదాలు. అలాగైతే డైరెక్టరు కాండొలీజా రైస్ 2021లో సెనేట్ ముందుకొచ్చి అధ్యాపకులతో సహకారం పెంచుతామన్నది ఈ లోపాన్ని తాకని మాటే అవుతుంది.

జవాబు (మధ్యస్థం)

నియామకాల దగ్గర నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ వడపోత హూవర్‌కే కాక, సొంత దాతలతో నడిచే ప్రతి విశ్వవిద్యాలయ కేంద్రానికీ వర్తించాలి.